తాంబూలంలో పిస్తోలు

ఆ శనివారం ఉదయం భక్తవత్సలం వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. భార్య పంకజం వంటింట్లో పడగానే హాల్లో ఉన్న బొమ్మల కొలువు మెట్ల కింద చెయ్యి పెట్టి, నిన్న తాను దాచిన పసుపు గుడ్డసంచి బయటికి లాగాలి. దాన్ని మేడ మీది గదికి చేర్చి, మిగిలిన మెరుగుపని ముగించి, మధ్యాహ్నం రెండింటికల్లా కోడంబాక్కంలో అప్పగించాలి. అంతే. ఇందులో ఎక్కడా టెంకాయ ప్రస్తావన లేదు, ఆటో లేదు, పంకజం వదినగారు అసలే లేదు. అవన్నీ తరువాత పిలవకుండానే వచ్చి చేరాయి.

సంచిలో ఉన్నది పిస్తోలు. కంగారు పడకండి, సినిమా పిస్తోలు. ఫైబరుతో పోసి, చేతిలో బరువుగా ఉండాలని లోపల సీసం కూరిన డమ్మీ. దాని చుట్టూ తడి తోలు, తోలు మీద తడి పీల్చడానికి ఒక తెల్ల రవికగుడ్డ.

రవికగుడ్డ ఎక్కడిదంటారా? భక్తవత్సలానికి మద్రాసు పురసవాక్కంలో మ్యాచింగ్ రవికగుడ్డల అంగడి ఉంది. వాళ్ల పెద్దలు ఎప్పుడో నెల్లూరు వైపు నుంచి వచ్చారట. ఎప్పుడని అడిగితే ఇంట్లో ఎవరూ చెప్పలేరు గానీ, ఇంటి భాష మాత్రం ఇంకా అదే. యాభై ఎనిమిదో ఏట అంగడిని కొడుకు విఘ్నేష్‌కు వదిలేసి, ఫోన్‌లో వీడియోలు చూసి తోలుపని నేర్చుకోవడం మొదలుపెట్టాడు. పెరియమేట్ పోయి తోలు ముక్కలు తెచ్చుకునేవాడు. వాటిని తడిపి, చిన్న చిన్న ఇనుప ముద్రలు ఆనించి, చెక్కసుత్తితో టక్ టక్ మని కొట్టి పూలు, పిందెలు తేల్చేవాడు. ఏడాదిన్నరలో పదమూడు పర్సులు, ఆరు బెల్టులు చేసి చుట్టాలందరికీ పంచాడు. పంకజం అన్నగారు కోదండరాంకు ఇచ్చిన పర్సు తెరిస్తే మూసుకోదు, మూస్తే తెరుచుకోదు. అందరూ "భలే ఉండాది" అన్నారు. ఏ ఒక్కరి జేబులోనూ అది మళ్లీ కనపడలేదు. భక్తవత్సలం లోలోపల చాలా నొచ్చుకున్నాడు.

అలాంటి మనిషి దగ్గరికి పోయిన వారం మునికృష్ణ వచ్చాడు. కోడంబాక్కంలో సినిమాలకు వస్తువులు సమకూర్చే ఆర్టు డిపార్టుమెంటు మనిషి. ఏదో డాన్సుకు రవికగుడ్డలు కావాలని అంగడికి వచ్చి, గల్లాపెట్టె పక్కన సగం చెక్కిన పట్టీ చూశాడు.

"సార్, ఇది మీరే చేసినారా? మా హీరోకు ఒక హోల్‌స్టర్ కావాల. పోలీసు వేషం. నడుముకు కట్టేది. చేసిస్తారా?"

పరాయి మనిషి ఒకడు, ఎవరూ మొహమాట పెట్టకుండా, తనంతట తాను వచ్చి తన చేతిపని అడిగాడు! భక్తవత్సలానికి ఆ పూట అన్నం కూడా సహించలేదు. మునికృష్ణ "రఫ్‌గా ఉండాల సార్" అని మరీ మరీ చెప్పి, కొలతకు ఆ డమ్మీ పిస్తోలు చేతిలో పెట్టి పోయాడు. కానీ ముప్పై ఏళ్లు చీరె అంచులకు రవికలు జతచేసిన చేతులకు రఫ్ అంటే ఏం తెలుస్తుంది? పిస్తోలు ఒర మీద చుట్టూ వరసగా మామిడి పిందెలు దిగాయి. ముహూర్తం పట్టుచీరె అంచులాగే కుదిరింది.

పిస్తోలు ఒర చేయడానికి ఒక పద్ధతి ఉంది. కుట్టిన తోలును నీళ్లలో నానబెట్టాలి. పిస్తోలుకు పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, తడి తోలులో దూర్చి, వేళ్లతో నొక్కి నొక్కి ఒంపులన్నీ తీర్చాలి. ఆ తరువాత కదపకుండా నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వాలి. ఆరేటప్పుడు లోపల ఏది ఉంటే ఆ ఆకారమే తోలు పట్టేస్తుంది, ఇక మారమన్నా మారదు. ఇక్కడే చిక్కు వచ్చింది. అక్టోబరు వానలకు మేడ గది గోడలు చెమ్మగిల్లాయి. కిందికి తెద్దామంటే పంకజం శాసనం ఒకటి ఉంది. ఏడాదిన్నర కిందటే, గొంతు ఏమాత్రం పెంచకుండా చెప్పింది.

"తోలు ఆ మేడమెట్టు దిగిందంటే, నేను ఈ ఇంటి మెట్టు దిగి చింతాద్రిపేటకు మా అన్న దగ్గరికి పోతా. మళ్లా రాను."

ఇంట్లో పొడిగా ఉన్న చోటు ఒక్కటే, కొలువు కింద. ఇనప్పెట్టె, బల్ల, పలకలు పేర్చి తెల్లపంచె కప్పిన తొమ్మిది మెట్లు. కింద అంతా బోలు. పక్కన పొద్దస్తమానం టేబుల్ ఫ్యాను, పైన వెచ్చగా సీరియల్ లైట్లు. శుక్రవారం మధ్యాహ్నం పంకజం పేరంటానికి పోయిన సమయం చూసి, భక్తవత్సలం ఎడమపక్క పంచె ఎత్తి సంచి లోపలికి తోశాడు. పైన కూర్చున్న అమ్మవారికి "ఒక్క రోజే తల్లీ, ఓర్చుకో" అని లెంపలు కూడా వేసుకున్నాడు.

అందుకే శనివారం తొమ్మిదిన్నరకు సంచి లాగి, చంకలో పెట్టుకుని, పిల్లిలా మేడెక్కి విప్పి చూసి, మళ్లీ మూసి, మళ్లీ విప్పాడు. లోపల టెంకాయ, నాలుగు తమలపాకులు, వక్క, పసుపు కుంకుమ పొట్లాలు, ఒక గులాబీరంగు రవికగుడ్డ.

మళ్లీ కిందికి పరుగెత్తి, ఈసారి నడుము దాకా కొలువు కిందికి దూరాడు. లోపల అలాంటి పసుపు సంచులే బారుగా పన్నెండు ఉన్నాయి. అన్నిట్లోనూ టెంకాయలే.

"ఏందండీ, కొలువు కింద దూరతా ఉండారు? బొమ్మలు పడిపోతే ఎట్లా?" పంకజం గరిటెతో వచ్చి నిలబడింది.

"ఎలక... ఎలక పోయినట్టు ఉండె."

"ఎలకా! అయ్యో దేవుడా, నా తాంబూలం సంచులు ఉండాయి ఆడ!"

"నీ సంచులు ఈడెందుకుండాయి?"

"పండగ మొదలైన కాడినుంచి ఈడే పెడతా ఉండా. నీడగా ఉంటాది, ఆకు వాడదు. కుడిపక్క నుంచి పెడతా, కుడిపక్క నుంచే తీస్తా. ఈ పొద్దు ఒక్కటే ఎడమపక్క చెయ్యి పెట్టినా. వదిన వచ్చింది గదా ఎనిమిదికి? రాహుకాలం లోపల ఇల్లు చేరాలని ఒకటే తొందర. చేతికి తగిలింది తీసిచ్చేస్తిని."

పైన రవికగుడ్డ, కింద టెంకాయంత బరువు. అనుమానం రావడానికి అందులో ఏముంది? భక్తవత్సలం కొలువు కిందనే కాసేపు ఉండిపోయాడు, బయటికి వస్తే మొహం చూపించాలి కదా అని.

చివరికి లేచి చొక్కా వేసుకున్నాడు. "అంగడికి పొయ్యొస్తా."

"రాహుకాలంలోనా? పదిన్నర దాకా ఆగండి."

"అంగడికి రాహుకాలమేంది పంకజం, విఘ్నేష్ ఒక్కడే ఉండాడు" అంటూ, పోతూ పోతూ మేడ మీద విప్పిన సంచిలోని టెంకాయ స్కూటరు డిక్కీలో వేసుకున్నాడు. ఏం చెప్పాలో ఇంకా తేలలేదు గానీ, చేతిలో ఒక టెంకాయ ఉంటే ధైర్యంగా ఉంటుందనిపించింది.

చింతాద్రిపేటలో పంకజం వదిన సీతాలక్ష్మి ఒక్కతే ఉంది. కోదండరాం అంగడికి పోయాడు. "రండన్నా, రండి" అని ఆమె శనగల గిన్నె చేతిలో పెట్టింది. భక్తవత్సలం ఒక్కొక్క శనగ నములుతూ ఆలోచించాడు. ఇచ్చిన తాంబూలం తిరిగి అడిగిన మగవాడు ఈ మద్రాసు పట్నంలో ఇంతవరకూ పుట్టి ఉండడు. నిజం చెబుదామా అంటే, నవరాత్రుల్లో తాంబూలంతోపాటు తోలు పుచ్చుకున్నానని ఈమెకు తెలిస్తే ఇల్లంతా పసుపునీళ్లతో కడుగుతుంది, కడిగాక పంకజానికి ఫోను చేస్తుంది.

"అక్కా, పొద్దున పంకజం ఇచ్చిన సంచి..."

"ఆఁ, భద్రంగా దేవుడి కాడ పెట్టినా."

"అందులో టెంకాయ కుళ్లిందంట."

సీతాలక్ష్మి చేతిలో మంచినీళ్ల చెంబు ఆగిపోయింది. "పంకజం ఇచ్చిన టెంకాయా? తట్టి చూడకుండా ఇచ్చే మనిషి కాదే!"

"టెంకాయల అంగడాయన ఫోన్ చేసినాడక్కా. ఆ మూటలో కొన్ని కుళ్లినాయంట. మంచిది తెచ్చినా. మీరా సంచి ఇస్తే నేనే మార్చి పెట్టేస్తా."

ఆమె లోపలికి పోయి, చాలా సేపు గిన్నెలు, డబ్బాలు జరిపిన చప్పుడు చేసి, ఒక పసుపు సంచి తెచ్చింది. భక్తవత్సలం ఆశగా చేయి పెట్టాడు. పైనున్న పచ్చరంగు గుడ్డను రెండు వేళ్ల మధ్య రుద్దాడు. అంతే, మనిషిలోని వ్యాపారి లేచి కూర్చున్నాడు.

"ఇది మా అంగడి గుడ్డ కాదక్కా. ఇది పాలియెస్టరు. పంకజం పాలియెస్టరు పెట్టదు."

సీతాలక్ష్మి మొహం చిన్నబోయింది. "మీతో అబద్ధమెందుకులే అన్నా. పొద్దున తొమ్మిది లోపల మా చెల్లెలి కూతురు రంజిత వచ్చింది. నా సంచులు ఇంకా సర్దలేదు. పంకజం ఇచ్చింది అట్టే దాని చేతిలో పెట్టి పంపించేస్తిని."

"తెరిచి చూడలేదా?"

"తాంబూలం సంచి ఎవరన్నా తెరుస్తారా అన్నా? పైన ఆకు వక్క మార్చి ఇచ్చేసేదే గదా!"

అదీ నిజమే. ఈ తొమ్మిది రోజులూ పట్నంలో సంచులు ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటాయి. కొన్ని రవికగుడ్డలు టైలరు మొహం చూడకుండానే పదేళ్లు తిరిగి, మడతల దగ్గర చిరిగి రిటైరవుతాయి. మూడు నెలల కింద తాను అమ్మిన గుడ్డ తన ఇంటికే తాంబూలంగా వచ్చినా భక్తవత్సలం ఎప్పుడూ ఆశ్చర్యపోలేదు. అది పిస్తోలుకు కూడా వర్తిస్తుందని ఆయనకు తోచలేదు, అంతే.

ఉన్నట్టుండి సీతాలక్ష్మి గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యయ్యో! రంజితకు ఇప్పుడు ఏడో నెల! బుధవారం సీమంతం పెట్టుకోనుండారు. కడుపుతో ఉన్న పిల్లకు నా చేతుల్తో కుళ్లిన టెంకాయ ఇచ్చినానే!"

"అంతేం లేదక్కా, బహుశా బాగానే ఉంటాది..."

ఆ మాట వినేవాళ్లెవరు? ఆమె అప్పటికే ఫోను చెవిన పెట్టుకుంది. "పంకజం! నువ్వు నాకు కుళ్లిన టెంకాయ ఇచ్చినావంటనే!"

అవతలి గొంతు గదంతా వినపడింది. "ఎవరు చెప్పింది?"

"మీ ఆయనే! ఈడ నా ముందర కూచోని శనగలు తింటా ఉండాడు."

పంకజం సంగతి మీకు తెలియాలి. వాళ్ల వీధిలో పెళ్లంటే టెంకాయల మూట దిగగానే ఆమెకు కబురు వస్తుంది. కూర్చుని ఒక్కొక్కటీ చెవి దగ్గర తట్టి, మంచివి ఇటు, చెడ్డవి అటు విడదీస్తుంది. ఇరవై ఏళ్లలో ఒక్కటి తప్పలేదు. ఆమె నగలు పోయినా ఊరుకుంటుంది గానీ ఆ పేరు పోతే ఊరుకోదు.

"నేను తట్టిచ్చిన టెంకాయ కుళ్లిందా?" అంది పంకజం మెల్లగా. "ఆ రంజిత ఇల్లు యాడ? అడ్రసు చెప్పు వదినా. నేనూ వస్తా ఉండా."

స్కూటరు అక్కడే వదిలేసి, సీతాలక్ష్మితో కలిసి ఆటో ఎక్కాడు భక్తవత్సలం. కోడంబాక్కం ఎటూ పోవాల్సిందే, ఇలా పోవాల్సి వస్తుందని మాత్రం అనుకోలేదు. ఆటో ఎగ్మోరు దాటేలోగా ఫోను మోగింది. మునికృష్ణ.

"సార్, అది రెడీగా ఉండాదా? మీకొక సంగతి చెప్పాల..."

పక్కన సీతాలక్ష్మి చెవులు రిక్కించింది. భక్తవత్సలం గొంతు తగ్గించాడు. "ఆఁ... ఇంకా ఆరలేదు. చూస్తా ఉండా."

"ఎవరన్నా? ఏంది ఆరలేదంట?"

"టెంకాయ... టెంకాయల అంగడాయన అక్కా."

"అట్లనా? ఇటియ్యండి!" అని ఆమె ఫోను లాక్కుంది. "ఏమయ్యా, నీకు బుద్ధుండాదా? పండగ పూట కుళ్లింది అంటగడతావా?"

"అమ్మా, నేనింకా దాన్ని చూడనే లేదే" అన్నాడు మునికృష్ణ బిత్తరపోయి. "సార్ చేసింది కుళ్లిపోయిందా?"

"చూడకుండా ఎట్లా ఇస్తావు? కడుపుతో ఉన్న పిల్ల ఇంటికి పోయింది అది, తెలుసునా? ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పేది?"

"కడుపుతో ఉన్న పిల్ల దగ్గర అదెందుకుండాది?" మునికృష్ణ అరిచాడు. "అది ఆర్టు డిపార్టుమెంటుదమ్మా, పోతే నా ఉద్యోగం పోతాది!"

"ఉద్యోగమే పోవాల నీకు! మొగోడివైతే కోడంబాక్కం స్టేషను వెనక పచ్చగేటు అపార్టుమెంటుకు వచ్చి మొహం చూపించు!" అని ఆమె ఫోను కట్ చేసి భక్తవత్సలం ఒళ్లో పడేసింది. "ఇట్లాంటివాళ్లతో మీరు మెత్తగా మాట్లాడతారు, అందుకే ఇట్లా."

భక్తవత్సలం కళ్లు మూసుకున్నాడు. ఇక ఈ రోజును ఎవరైనా ఆపగలరన్న నమ్మకం ఆయనకు పోయింది.

రంజిత మొదటి అంతస్తులో తలుపు తీసి, ఇద్దరినీ చూసి కంగారుపడింది. "పెద్దమ్మా! ఏమాయె, ఎన్నాచ్చు? ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"నేనిచ్చిన సంచి ఏదే? ముట్టుకున్నావా? తిన్నావా?"

"సంచా? అది పైన మూడో ఫ్లోరు పాటికి, అదే ఆ అవ్వకు, ఇచ్చేస్తిని. ఇంట్లో ఇప్పటికే ఏడు టెంకాయలు ఉండాయి పెద్దమ్మా, చట్నీ తినీ తినీ విసుగొచ్చి పోరడిచ్చుపోయె. పాటి కొలువు చూసేదానికి ఉత్త చేతుల్తో పోలేను గదా?"

సీతాలక్ష్మికి కోపం ముంచుకొచ్చింది. "పెద్దదాన్ని, ఆశీర్వాదం చేసి తాంబూలమిస్తే, తెరిచి కూడా చూడకుండా ఇంకొకరికి ఇచ్చేస్తావా? ఇదేం పద్ధతే?" ఈ మాట ఆమె ఏమాత్రం తడుముకోకుండా అనగలిగింది.

"నువ్వు తెరిచినావా పెద్దమ్మా?" అంది రంజిత.

అంతలో మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. పంకజం. చేతిలో పెద్ద సంచి, సంచిలో అయిదు టెంకాయలు. మొగుడి వంక చూడనైనా చూడకుండా, వదినగారి చెవి పక్కన ఒక టెంకాయ పెట్టి వేలితో తట్టింది. "విను. వినపడతా ఉండాదా? కుళ్లిందైతే ఇట్లా పలుకుతాదా? నేనిచ్చిందీ ఇట్లానే పలికింది. యాడ అది? నా కండ్ల ముందర పగలగొట్టండి. కుళ్లి ఉంటే నేను మళ్లా టెంకాయ ముట్టుకోను."

అందరూ మూడో అంతస్తుకు బయలుదేరారు. ముందు పంకజం, వెనక సీతాలక్ష్మి, నడుము పట్టుకుని రంజిత. చిట్టచివర భక్తవత్సలం, మెట్టు మెట్టుకూ ఆగుతూ.

మూడో అంతస్తు భువనేశ్వరమ్మ డెబ్బై రెండేళ్ల మనిషి. నలభై ఏళ్లు సినిమా కాస్ట్యూములు కుట్టి రిటైరైంది. ఇంతమంది ఒక్కసారి కొలువు చూడ్డానికి వచ్చారని సంబరపడి, చాపలు పరిచింది. "కూచోండమ్మా, కూచోండి."

ఎవరూ కూర్చోలేదు. అయిదో మెట్టు మీద, అంగడి పెట్టుకున్న చెట్టియారు బొమ్మకూ చెట్టియారమ్మ బొమ్మకూ నడుమ, కుంకుమ బొట్టు పెట్టి, ఒక చేమంతి పువ్వు ఉంచి, పిస్తోలు నిలబెట్టి ఉంది.

"తుపాకీ!" అని సీతాలక్ష్మి అప్పుడు కూర్చుంది.

"డమ్మీ అమ్మా, డమ్మీ" అని నవ్వింది భువనేశ్వరమ్మ. "నా సర్వీసులో బుట్టలు బుట్టలు చూసినా ఇట్లాంటివి. ఈ పిల్ల రంజిత తాంబూలంలో పెట్టిచ్చింది. ఈ కాలం పిల్లలు ఏదో కొత్తగా చేస్తారులే అనుకుంటి. ఆయుధపూజ ఎట్లాగూ వస్తా ఉండాది గదా, కొలువులో పెట్టేస్తిని."

అందరూ రంజిత వైపు చూశారు. రంజిత సీతాలక్ష్మి వైపు చూసింది. సీతాలక్ష్మి పంకజం వైపు చూసింది. పంకజం మెల్లగా, చాలా మెల్లగా, తల తిప్పి మొగుడి వైపు చూసింది.

"టెంకాయ ఏది?" అంది.

"టెంకాయ లేదు పంకజం" అన్నాడు భక్తవత్సలం. "మొదటినుంచీ లేదు. నువ్విచ్చిన టెంకాయలన్నీ మంచివే." అది చెప్పేసరికే ఆయనకు సగం బరువు దిగింది. మిగతా సగం కోసం భువనేశ్వరమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, ఈ పిస్తోలుకు తొడిగింది ఒకటి ఉండాల. ఒర మాదిరి. అది యాడ?"

"అదా! వంటింట్లో ఉండాది, రండి చూపిస్తా."

పొయ్యి పక్క గోడకు, మేకుకు వేలాడుతూ ఉంది ఒర. అందులో గ్యాస్ లైటరు. భక్తవత్సలం ఒక్క అంగలో పోయి లైటరు పీకి, ఒర లోపల వేళ్లు పెట్టి చూశాడు. పొద్దున పది గంటలకు అది ఇంకా తడిగానే ఉండి ఉంటుంది. ఆమె పిస్తోలు తీసి లైటరు పెట్టి, చేత్తో అదిమింది. రెండు గంటలుగా పొయ్యి సెగ తగిలింది. తోలు చక్కగా ఆరి, లైటరు ఒంపులన్నీ పట్టేసుకుని, కట్టెలా బిగిసింది. ఇక ఆ పిస్తోలు ఈ జన్మలో అందులో దూరదు.

అప్పుడే మునికృష్ణ చెమటలు కక్కుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సార్! ఆ టెంకాయల అమ్మ ఎవరు సార్? నేను చెప్పేది విననే వినలే. మీకు పొద్దునే చెప్దామని ఫోన్ చేస్తిని. డైరెక్టరు సీను మార్చేసినాడు. హీరోకు పిస్తోలు వద్దంట. ఉత్త చేతుల్తోనే ముప్పై మందిని కొడతాడంట. హోల్‌స్టర్ వద్దు సార్. పిస్తోలు మాత్రం ఇచ్చేయండి, పోతా."

"కొలువులో పెట్టింది దశమి దాకా కదలదు మునీ" అంది భువనేశ్వరమ్మ.

మునికృష్ణ ఆమెను గుర్తుపట్టి చేతులు కట్టుకున్నాడు. ఆ వీధిలో ఆమె మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. "సరి అమ్మా. దశమికే వస్తా" అని చెప్పులు వేసుకుని పోయాడు.

భక్తవత్సలం వంటింటి గడప మీద కూలబడ్డాడు. భార్య ఏమంటుందో, వదినగారు ఏమనుకుంటుందో, ఏదీ ఇప్పుడు పట్టలేదు. ఒర ఒళ్లో పెట్టుకుని పిందెల మీద వేలు పోనిస్తూ, ఎవరితోనని కాకుండా అన్నాడు. "ఏడాదిన్నరగా చేస్తా ఉండా. నేనిచ్చింది ఒక్కరన్నా వాడలేదు. ఒక్కడు, ఒకే ఒక్కడు, తానుగా వచ్చి అడిగినాడు. వాడూ వద్దనేసి పాయె."

పంకజం టెంకాయల సంచి గడప పక్కన కింద పెట్టింది.

భువనేశ్వరమ్మ వచ్చి ఒర అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, కుట్టు వెంబడే చూసుకుంటూ పోయింది. "నువ్వే కుట్టినావా నాయనా? మిషను కాదు గదా ఇది. రెండు సూదులతో, చేత్తో."

"ఔనమ్మా."

"ఒక్క కుట్టు పక్కకు పోలేదు. నలభై ఏండ్లు కుట్టినా నేను, నాకు తెలుసు ఇదెంత కష్టమో." మళ్లీ లైటరు పెట్టి, తీసి, పెట్టి చూసుకుంది. "నీకు కావాలంటే వేరేది చేసుకో. ఇది నేనియ్యను. తాంబూలంలో వచ్చింది తిరిగి ఇస్తారా ఎవరన్నా? లైటరు యాడ పెట్టినానో ప్రతి పూటా వెతుక్కోని చస్తా ఉంటి."

సీతాలక్ష్మి కూడా తొంగి చూసింది. "మామిడి పిందెలు! కాంచీపురం అంచు మాదిరి దింపినారే అన్నా! మా ఇంట్లోనూ అంతే, లైటరు సమయానికి కనపడదు." అని ముట్టుకోబోయి చెయ్యి ఆపింది. "ఔను, ఇది ఏందో? తోలా?"

నవరాత్రులు. సప్తమి. పంకజం చేతి తాంబూలం. భక్తవత్సలం నోరు తెరిచాడు.

"రెక్సిన్" అంది పంకజం.

భక్తవత్సలం నోరు అలాగే ఉండిపోయింది. పెళ్లయిన ముప్పై రెండేళ్లలో ఆమె అబద్ధమాడగా ఆయన వినడం అదే మొదలు.

భువనేశ్వరమ్మ ఒరను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. కళ్లజోడు పైనుంచి పంకజాన్ని ఒకసారి, భక్తవత్సలాన్ని ఒకసారి చూసింది. "రెక్సినే" అంది. "అంత సర్వీసు చేసినదాన్ని, నాకు తెలీదా?"

"అట్లయితే నాకొకటి చేసియ్యండన్నా" అంది సీతాలక్ష్మి.

"అంకుల్, నాకు కూడా! పచ్చ కలర్ల. మా అత్తకు ఒకటి" అంది రంజిత. "సీమంతానికి వచ్చేవాళ్లకు రిటర్న్ గిఫ్టు ఇదే ఇస్తే ఎంత సూపరా ఉంటాది!"

"దాన్నన్నా తెరిచి చూసి ఇయ్యి" అంది పంకజం.

సీతాలక్ష్మి రంజిత ఇంట్లో ఆగింది. మొగుడూ పెళ్లాలు ఎక్కిన తిరుగు ఆటో నుంగంబాక్కం దాటింది.

"కొలువు కింద పెట్టినారు" అంది పంకజం.

"ఔను."

"నవరాత్రుల్లో."

"ఔను. తప్పే."

"కుళ్లిన టెంకాయ అని చెప్పినారు."

ఆ మూడు నేరాల్లో పెద్దది ఏదో ఆ గొంతులోనే తెలిసిపోయింది. "అదే పెద్ద తప్పు" అని ఒప్పుకున్నాడు భక్తవత్సలం.

ఆమె ఒళ్లోని అయిదు టెంకాయలు సర్దుకుని, రోడ్డు వంక చూస్తూ అంది. "ఏడాదిన్నరగా ఎవరూ వాడలేదని అంత బాధ పెట్టుకోనుంటిరి. నాతో ఒక మాట చెప్పకూడదా?" టెంకాయల సంచి మూతి ముడేసి, "మన వంటింట్లో మేకు కొంచెం ఎత్తుగా ఉండాది. పట్టీ పొడుగ్గా పెట్టండి. మా వదినది తరువాత చేద్దురు గానీ, ముందు మనది" అంది. భక్తవత్సలం తల ఊపాడు. పట్టీ పొడుగు వేళ్లమీద లెక్కవేసుకుంటూ, ఆటో మీటరు వంక చూస్తూ కూర్చున్నాడు.

దశమి నాడు మేడ గదిలో అంచులకు తేనెమైనం రుద్దుతూ ఉంటే ఫోను మోగింది. మునికృష్ణ పరుగెత్తుకుంటూ మాట్లాడుతున్నట్టున్నాడు.

"సార్, డైరెక్టరు మళ్లా మార్చేసినాడు! హీరోకు పిస్తోలు ఉండాల్సిందేనంట. ఆ పిందెల హోల్‌స్టర్ సంగతి ఎవరో చెప్పినారు, అదే కావాలని పట్టుబడతా ఉండాడు. సోమవారం షూటింగు. ఎట్లన్నా చేసియ్యండి సార్, మీ కాళ్లు పట్టుకుంటా!"

భక్తవత్సలం చేతులు తుడుచుకుని, గోడకు అంటించిన పేర్ల పట్టీ పైనుంచి కిందిదాకా ఒకసారి చదువుకున్నాడు.

"మీ హీరో ముందర పదకొండు గ్యాస్ లైటర్లు ఉండాయి మునికృష్ణా. వరసలో రమ్మను."

హీరోకు పన్నెండో నంబరు పడింది.